మడత చాకుకు కొత్త బ్లేడు
(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నీ ఉద్యోగం గురించి వద్దు, నీ పిచ్చి గురించి చెప్పు" అన్నారు మన కార్యదర్శి గారు. ఇంజినీరు ఉద్యోగం గురించి వింటే నిద్ర వస్తుందని ఆయన భయం కాబోలు. సరే, పిచ్చి గురించే చెబుతాను. జేబులో పెట్టుకునే మడత చాకులు విప్పి, లోపలి బ్లేడు తీసేసి, దాని స్థానంలో ఇంకొకటి వేసి మళ్లీ బిగించడం నా ఆదివారాల పని. మా ఆవిడ దీన్ని పని అనదు, అది వేరే విషయం.

ఎర్ర పిడి, దాని మీద తెల్ల శిలువ గుర్తు ఉన్న స్విస్ చాకు మీలో చాలామంది చూసే ఉంటారు. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చిన బంధువు సంచిలో సెంటు సీసాల పక్కన అదొకటి ఉండేది. స్విట్జర్లాండులో ష్విజ్ దగ్గర ఇబాక్ అనే చోట కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో కత్తుల పనిశాల పెట్టాడు. 1891లో స్విస్ సైన్యానికి చాకులు అందించాడు. సైనికుల చాకు బరువుగా ఉండేది. దానికంటే తేలికగా, ఎక్కువ పనిముట్లతో ఉండే ఆఫీసర్ల చాకుకు 1897లో చట్టపరంగా హక్కు తీసుకున్నాడు. తల్లి విక్టోరియా పోయాక 1909లో ఆమె పేరునే సరుకు పేరుగా పెట్టుకున్నాడు. తుప్పు పట్టని ఉక్కును ఫ్రెంచివాళ్లు ఇనాక్స్ అంటారు. 1921లో ఆ రెండు పేర్లు కలిసి విక్టోరినాక్స్ అయింది. కొడుకు తల్లి పేరు ఇంత గట్టిగా, అదీ స్టెయిన్‌లెస్ స్టీలు మీద, నిలబెట్టిన సందర్భం నాకు ఇంకొకటి తెలీదు.

ఇంజినీరుగా నన్ను ఆకట్టుకున్నది పేరు కాదు, స్ప్రింగు. మామూలు మడత చాకులో పిడి వెనక ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. బ్లేడు మొదలును అదే నొక్కి పెడుతుంది. బ్లేడు తెరిచేటప్పుడు, మూసేటప్పుడు "టక్"మనే చప్పుడు దానిదే. ఎల్సెనర్ చేసిందేమిటంటే, అదే పట్టీ రెండో వైపును కూడా వాడుకున్నాడు. ముందు వైపు బ్లేడు, డబ్బా మూత తీసేది ఉంటే, వెనక వైపు దబ్బనం, కార్కు తీసే మర. మందం పెరగకుండా పనిముట్లు పెరిగాయి. ఈ కార్కు మరతో మన ఊళ్లో ఏం పని అని అడగవచ్చు. బిగుసుకున్న తాడు ముడి విప్పడానికి అంత మంచి పనిముట్టు లేదు. గోనెసంచి మూతి కుట్టు విప్పి చూడండి, మీకే తెలుస్తుంది.

అన్ని భాగాలూ ఒకే గట్టిదనంతో ఉండవు. రాక్‌వెల్ లెక్కలో కంపెనీ ఇచ్చే అంకెలు ఇవి: బ్లేడు 56, రంపం, కత్తెర 53, స్క్రూ డ్రైవరు, దబ్బనం 52, స్ప్రింగు 49. పదును నిలవాలి కాబట్టి బ్లేడు గట్టిగా ఉండాలి. వేలసార్లు వంగి లేవాలి కాబట్టి స్ప్రింగు కాస్త మెత్తగా ఉండాలి. మన వర్క్‌షాపుల్లో పాత మెషీను రంపపు బ్లేడును అరగదీసి కత్తి చేస్తారు కదా, అది మంచి కత్తే. కానీ దాన్ని తెచ్చి ఇందులో బిగిస్తే, అంత గట్టి ఉక్కు రోజూ రుద్ది రుద్ది స్ప్రింగును తినేస్తుంది. అందుకే నేను సొంతంగా బ్లేడు చెయ్యను. అదే కంపెనీది, అదే కొలత చాకు ఇంకొకటి, పిడి పగిలిందో కత్తెర విరిగిందో, తక్కువకు కొని దాని బ్లేడు తీస్తాను. దాన్ని మా ఇంట్లో "దాత" అంటారు. 91 మిల్లీమీటర్ల చాకుకు 91 మిల్లీమీటర్ల దాతే కావాలి. 84ది పనికిరాదు, ఒకప్పటి పోటీ కంపెనీ వెంగర్‌ది కూడా పనికిరాదు. బ్లేడు మొదలు ఆకారం, మేకు రంధ్రం ఉన్న చోటు వేరు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ విషయంలో అదృష్టం ఉంది. విమానాశ్రయాల్లో ప్రయాణికులు వదిలేసిన చాకులను కొన్ని రాష్ట్రాల ప్రభుత్వ మిగులు సరుకు దుకాణాల్లో గుత్తగా అమ్ముతారు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. మన క్రాఫ్టు మాస్టారి చాకు మీలో ఎందరికి గుర్తుంది? (చేతులు లేచాయి.) పదో తరగతి పరీక్షల రోజు గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాడి పెన్సిలూ చెక్కి ఇచ్చేవారు. అట్టలు కోసినా, వెదురు చీల్చినా, జామకాయ ముక్కలు చేసినా అదే చాకు. మస్కట్‌లో ఉండే తమ్ముడు తెచ్చి ఇచ్చాడట. మాస్టారు పోయిన మరుసటి ఏడు ఆయన అబ్బాయి దాన్ని నా దగ్గరకు తెచ్చాడు.

"అన్నా, మూసినా మొన బయటికి వస్తోంది. పాప వేలికి గుచ్చుకుంది" అన్నాడు.

చూస్తే బ్లేడు సగం వెడల్పే ఉంది. ముప్పై ఏళ్లు ఇంట్లో నూరురాయి మీద సాన పట్టారు మరి. అంచు అరిగే కొద్దీ మొన వీపు వైపు జరుగుతుంది. మూసినప్పుడు చాకు బయటికి కనిపించేది వీపే కాబట్టి మొన కూడా పైకి తేలుతుంది. దీనికి రెండు దారులున్నాయి. మొన దగ్గర వీపును ఆకురాయితో కొంచెం దింపితే మొన మళ్లీ లోపలికి పోతుంది, బ్లేడు అదే ఉంటుంది, కానీ మిగిలింది చాలా సన్నం, దేనికీ ఆగదు. లేదా బ్లేడు మార్చాలి.

అబ్బాయి మార్చమన్నాడు, రోజూ వాడుకోవాలని. అక్కయ్య ఫోనులో ఒప్పుకోలేదు. "అరిగింది నాన్న చేతిలో అన్నయ్యా. అది తీసేస్తే కొట్టులో కొన్న చాకుకూ దీనికీ తేడా ఏముంది?" అంది. ఆ మాటలో న్యాయం లేదని నేను అనలేకపోయాను. ఒక్కటే చెప్పాను: "అమ్మా, ఇది తిరుగులేని పని కాదు. ఇత్తడి మేకులు పోతాయి, కొత్తవి వస్తాయి. పాత బ్లేడు నీకిస్తాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ ఇందులోనే వేస్తాను." రెండు వారాలు ఆలోచించుకుని సరేనంది. ఒక షరతు పెట్టింది. పిడి మీద మాస్టారు కంపాసు మొనతో గీసుకున్న పొడి అక్షరాలు చెదరకూడదు.

ఆ షరతే అన్నిటికంటే కష్టం. పిడి రేకులు సెల్లిడార్ అనే ప్లాస్టిక్‌వి. లోపల రివెట్టు తలల మీద నొక్కి కూర్చోబెడతారు, అంతే. కానీ పాతబడిన రేకును బలవంతంగా లేపితే అక్షరాల దగ్గరే పగలొచ్చు. వేడి నీళ్లలో, అంటే చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడిలో, ఉంచి, పాత ఏటీఎం కార్డు ముక్క చొప్పించి, ఒక చివర నుంచి వెంట్రుకవాసి చొప్పున లేపుతూ వచ్చాను. ఒక రేకుకు గంట పట్టింది. లోపల ముప్పై ఏళ్ల పెన్సిలు పొడి ఉంది. నిజంగానే నల్లగా, నూనెతో కలిసి.

తర్వాత మూడు ఇత్తడి మేకులు. ఒక వైపు తలలు ఆకురాయితో చదును చేసి, సన్నని పంచితో రెండో వైపుకు తోలాలి. స్ప్రింగు బిగువులో ఉంటుంది, మేకు రాగానే ఎగురుతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని ఎవరూ చెయ్యకండి. బిగించేటప్పుడు మొన సన్నగా చేసిన తాత్కాలిక మేకులు ముందు గుచ్చి, చెక్క దవడల వైసులో స్ప్రింగును నొక్కి, వాటి వెనకే అసలు ఇత్తడి చువ్వను తోస్తాను. రెండు, రెండున్నర మిల్లీమీటర్ల మందం చువ్వ. బయటికి సుమారు ఒక మిల్లీమీటరు వదిలి కత్తిరించాలి.

చివరికి రివెట్టు కొట్టడం. పెద్ద సుత్తితో గట్టిగా కొడితే చువ్వ లోపల నడుము దగ్గర కూడా ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది, ఇక తెరుచుకోదు. చిన్న సుత్తి గుండ్రని తలతో అంచుల చుట్టూ తడుతూ పోవాలి, కంసాలి తట్టినట్టు. బ్లేడు పక్కన పలుచని కాగితం పెట్టి, నాలుగు దెబ్బలకోసారి తెరిచి మూసి చూడాలి. బ్లేడు పక్కలకు ఊగకూడదు, బిగుసుకుపోకూడదు. ఈ రెంటి మధ్య ఉన్నది ఒకటి రెండు దెబ్బల తేడానే. "టక్" మళ్లీ వినిపించినప్పుడు అబ్బాయి మా వరండాలో ఉన్నాడు. లోపలికి వచ్చి ఏమీ అడగలేదు, చెయ్యి చాపాడంతే.

అక్షరాలు అలాగే ఉన్నాయి. అరిగిన బ్లేడును అక్కయ్య మాస్టారి కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంది. ఇంతవరకు తిరిగి వెయ్యమని అడగలేదు. అడిగితే వేస్తాను.

అమెరికా చాకుల గురించి కూడా రెండు ముక్కలు. టిమ్ లెదర్‌మన్ అనే మెకానికల్ ఇంజినీరు 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతూ, చాకులో కటింగ్ ప్లేయరు కూడా ఉంటే బాగుండునని అనుకున్నాడట. మొదటి సరుకు అమ్మింది 1983లో. ఎనిమిదేళ్లు పట్టింది, మన పంచవర్ష ప్రణాళికలను నిందించకండి. వాటిలో ఇప్పటి రకాలు చాలావరకు నక్షత్రం గాడి మరలతో బిగించి ఉంటాయి, సుత్తి పని లేదు. సర్జ్ అనే రకంలో రంపాన్ని అసలు విప్పకుండానే మార్చుకోవచ్చు, జిగ్‌సా మెషీను బ్లేడే అందులో పడుతుంది. సౌకర్యమే, కానీ నాకు అందులో అంత రుచి లేదు. ఏ చాకైనా ఇంట్లో విప్పితే కంపెనీ గ్యారంటీ వర్తించదు. కొత్త చాకు మీద ప్రయోగం చెయ్యకండి.

పోలీసులు పట్టుకోరా అని పొద్దున ఒక తమ్ముడు అడిగాడు. మన ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు మాట వచ్చేది 9 అంగుళాలు దాటిన పొడవు, లేదా 2 అంగుళాలు దాటిన వెడల్పు ఉన్న బ్లేడులకు. ఈ చాకు మొత్తం పిడే నాలుగు అంగుళాలు లేదు. విమానంలో మాత్రం చేతి సంచిలో పెట్టకండి, లోపలికి వేసే పెట్టెలో పెట్టండి. లేకపోతే మీ చాకు కూడా ఎవరికో దాత అవుతుంది.

భోజనాల దగ్గర, డ్రాయింగు గది బల్ల మీద రెండు చాకులు విప్పి పరిచి ఉంచాను. సుత్తి, వైసు, మూడు జతల కళ్లద్దాలు కూడా ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలు ముందు రండి. మా బ్యాచ్ వాళ్లు పెరుగన్నం తిన్నాక చేతులు కడుక్కుని రండి.