తీగ తెగినను లెక్క తెగరాదు

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు విజయవాడలోని అనేక పేటలను ముంచెత్తిన సంగతి శ్రోతలకు తెలిసినదే. ఆ యేటి వరదను కృష్ణకు మళ్లించు వెలగలేరు రెగ్యులేటరు మా జి.కొండూరు మండలములోనిదే. అట్టి వానలలో కరెంటు పోవును. సెల్ టవర్లు మూగవోవును. గేదెలు మాత్రము పాలిచ్చుట మానవు.

పాలకేంద్రములో పాలు కొలిచి, వెన్న శాతము చూచి, ధర కట్టి రసీదు ఇయ్యవలెను. ఈ లెక్క దూరమందలి సర్వరే కట్టవలెనన్నచో, నెట్‌వర్కు లేని పూట పాలు క్యానులోనే విరుగును. కనుక లెక్క కట్టు శక్తి కేంద్రములోని యంత్రమునకే ఉండవలెను. దీనినే ఎడ్జ్ కంప్యూటింగు అందురు.

అయితే మూడు జాగ్రత్తలు వలయును. ధరల పట్టిక, దాని తేదీతోసహా, ముందే యంత్రములో ఉండవలెను. ప్రతి పద్దు మొదట అక్కడనే నిలిచి, తరువాత పైకి పోవలెను. కరెంటు పోయినను చెరగరాదు. ప్రతి పద్దుకు వేరు సంఖ్య ఉండవలెను. లేనిచో నెట్‌వర్కు తిరిగి రాగానే ఒకే పద్దు రెండుమార్లు చేరి, రైతు ఖాతా తారుమారగును.

బ్యాంకు చెల్లింపు ఒక దినము ఆగవచ్చును. పాల కొలత ఆగరాదు. ఏది ఆగవచ్చునో, ఏది ఆగరాదో వానలకు ముందే నిర్ణయించుకొనవలెను. నెలకొకమారు మనమే తీగ ఊడదీసి, ఒక పూట పని నడిపి చూచినగాని ఆ యేర్పాటును నమ్మరాదు.