లాక్‌డౌన్ కళ్లకు కనిపించింది, సంతకం కనిపించలేదు

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న ఒక చర్చా సభలో చేసిన ప్రసంగ పాఠం)



వర్తమాన రాజకీయాలు, వాణిజ్య ఒప్పందాలు, కరోనా ఆంక్షలు. ఈ మూడింటి మీద నన్ను మాట్లాడమన్నారు. మూడు గంపలు ఒక్క నెత్తిన పెట్టినట్టున్నదని మొదట అనుకున్నాను. తర్వాత కాగితాలు ముందు వేసుకుని చూస్తే మూడూ ఒకటే గంప. మన బతుకును మార్చే నిర్ణయం ఎక్కడ జరుగుతుంది, మనకు ఎప్పుడు తెలుస్తుంది అన్నదే అసలు సంగతి.

రాత్రయితే టీవీల ముందు కూర్చుంటాం. నలుగురు మాట్లాడుతుంటారు, కాదు, అరుస్తుంటారు. ఎవరు ఏ పార్టీ, ఎవరు ఎవర్ని తిట్టిన్రు అన్నదాంతోనే గంట గడిచిపోతుంది. ఒప్పందం మీద చర్చ అని పేరు పెట్టిన రోజు కూడా ఆ ఒప్పందంలోంచి ఒక్క వాక్యం చదివి వినిపించినవాళ్లను నేను చూడలేదు. మీరు చూసి ఉంటే చెప్పండి, సంతోషిస్తాను.

ముందు ఆంక్షల సంగతి. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టీవీలో చెప్పారు, పన్నెండు గంటలకు దేశమంతా తలుపులు పడ్డాయి. నాలుగు గంటల గడువు! దానికి ఆధారం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. అయినా నడిపింది ఢిల్లీ నుంచి వచ్చిన ఉత్తర్వులే. అంతకు ముందురోజు, మార్చి 23న, పార్లమెంటును నిరవధికంగా వాయిదా వేశారు. మళ్లీ కలిసింది సెప్టెంబర్ 14న. అప్పుడు కూడా ప్రశ్నోత్తరాల సమయం ఎత్తేశారు. దేశమంతా ప్రశ్నలతో నిండి ఉన్నప్పుడు సభలో మౌఖికంగా ప్రశ్న అడగడానికి వీల్లేకుండా పోయింది. అదే సమావేశాల్లో, వలస కూలీలు ఎంతమంది చనిపోయారని రాతపూర్వకంగా అడిగితే మా దగ్గర లెక్కల్లేవని కేంద్ర కార్మిక శాఖ జవాబిచ్చింది.

ఆ కూలీలను మనం చూడలేదా? ములుగు వైపు మిర్చి చేన్లకు వచ్చిన ఆదివాసీ కూలీలు అడవి దారులు పట్టి బీజాపూర్ వైపు నడిచిపోయారు. కూలీలను తీసుకుపోయే మొదటి రైలు మే 1న మన లింగంపల్లి నుంచే, ముందు ఎవరికీ చెప్పకుండా, జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. అందులో ఎక్కింది సుమారు 1,200 మంది. అప్పటికి లాక్‌డౌన్ పెట్టి ముప్పయి ఎనిమిది రోజులు.

ఢిల్లీని తిడితే చప్పట్లు పడతాయని తెలుసు. కానీ మన దగ్గర జరిగింది చెప్పకపోతే అది న్యాయమైన మాట కాదు. 2020 మార్చి 30న రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవో తీసి ఉద్యోగుల జీతంలో సగం ఆపింది. పింఛనుదార్లకూ సగమే. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ నెల కిరాయి ఎట్లా కట్టాలని తల పట్టుకున్నవాళ్లే. ఏ చట్టం కింద పింఛను కోశారని హైకోర్టులో ప్రశ్న వచ్చింది. దాని తర్వాత, జూన్‌లో, ఆర్డినెన్స్ తెచ్చారు. అంటే కోత ముందు, చట్టం తర్వాత! మరుసటి ఏడు, 2021 మేలో, ఆంధ్ర నుంచి రోగులతో వచ్చిన అంబులెన్సులను మన సరిహద్దుల్లో ఆపారు. కర్నూలు దాటి వచ్చిన మనిషి ఆక్సిజన్ పెట్టుకుని రోడ్డు మీదే ఉండాల్సి వచ్చింది. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. రాష్ట్రం కోసం కొట్లాడినవాళ్లం, ఆ పని మన పేరు మీద జరిగింది గనుక ఆ మచ్చ మనదే.

వ్యాధి ఉన్నప్పుడు ఆంక్షలు అక్కరలేదని నేననను. మాస్కు వద్దు, టీకా మోసం అనే మాటలకు నా దగ్గర చోటు లేదు. గుమిగూడకుండా ఆపడం అవసరమే. అడగాల్సింది వేరు. ఆంక్ష ఎంత కాలం, దాని ఖర్చు ఎవరి మీద, దాన్ని ప్రశ్నించే చోటు ఏది? ఈ మూడూ అడగకుండా మనం అవునా కాదా అని మాత్రమే తగువులాడుకున్నాం.

ఇప్పుడు రెండో సంగతి. ఇది కొంచెం ఓపికగా వినాలి, ఎందుకంటే దీని చప్పుడు బయటికి వినపడదు.

మన హైదరాబాద్ మందుల పరిశ్రమ ఎట్లా పుట్టింది? 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు పేటెంట్ ఇవ్వలేదు, మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇచ్చింది. అదే మందును ఇంకో పద్ధతిలో తయారుచేస్తే తప్పు కాదు. బాలానగర్‌లో ప్రభుత్వ రంగ ఐడీపీఎల్ ఉండేది. అందులో పని నేర్చినవాళ్లు బయటికొచ్చి కంపెనీలు పెట్టారు. చవక మందులు ఇక్కణ్నించి ప్రపంచానికి పోయాయి. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చింది, దానితో ట్రిప్స్ ఒడంబడిక వచ్చింది. 2005 జనవరి 1 నుంచి మందుకే పేటెంట్ ఇవ్వక తప్పలేదు. పేటెంట్ అంటే ఇరవై ఏళ్ల పాటు ఇంకెవరూ ఆ మందు చేయకూడదని.

ఈ గోడకు ఒక తలుపు మిగిల్చారు, దాని పేరు కంపల్సరీ లైసెన్స్. పేటెంట్ ఇచ్చి మూడేళ్లు దాటాక, ఆ మందు జనానికి సరిపడా దొరకకపోయినా, కొనగలిగే ధరకు లేకపోయినా, దేశంలో పేటెంట్‌ను వినియోగించకపోయినా, ప్రభుత్వం ఇంకో కంపెనీకి అనుమతి ఇవ్వొచ్చు. ఆ తలుపు ఈ దేశంలో తెరుచుకుంది ఇప్పటిదాకా ఒక్కసారే. 2012 మార్చిలో. తట్టింది మన హైదరాబాద్ కంపెనీ నాట్కో. మూత్రపిండాల, కాలేయ క్యాన్సర్‌కు బేయర్ అనే జర్మన్ కంపెనీ అమ్మే నెక్సావర్ మందు నెలకు దాదాపు 2,80,000 రూపాయలు. నాట్కో 8,800కు ఇస్తానంది. పేటెంట్ల కంట్రోలర్ ఒప్పుకున్నారు. బేయర్ పైకోర్టులకు పోయింది, 2014లో సుప్రీంకోర్టు దాకా పోయి ఓడింది.

ఆ కేసులో గెలుపుకు పనికొచ్చిన కాగితాల్లో ఒకటి ఫారం 27. పేటెంట్ ఉన్న ప్రతి కంపెనీ, ఈ మందు ఇక్కడ ఎంత తయారుచేశాను, ఎంత దిగుమతి చేశాను అని ఏటా ప్రభుత్వానికి రాసివ్వాల్సిన కాగితం. బేయర్ తన చేత్తో రాసిచ్చిన లెక్కలే ఎంత కొద్దిమందికి మందు చేరిందో చూపించాయి. ఈ ఫారం పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

కరోనా వచ్చింది. 2020 అక్టోబర్ 2న భారతదేశం, దక్షిణాఫ్రికా కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఒక ప్రతిపాదన పెట్టాయి. వ్యాధి తగ్గేదాకా టీకాలు, మందులు, పరీక్షా పరికరాల మీద పేటెంట్ల వంటి హక్కులను ఆపండి అని. మంచి ప్రతిపాదన, నూరుకు పైగా దేశాలు వెంట నిలిచాయి. ధనిక దేశాలు దాన్ని ఇరవై నెలలు నానబెట్టాయి. 2022 జూన్ 17న జెనీవాలో బయటికొచ్చింది టీకాల పేటెంట్లకు మాత్రమే పరిమితమైన ఒక తీర్మానం. మందులు, పరీక్షల సంగతి ఆరు నెలల్లో చూస్తామన్నారు. 2024లో అబుధాబీ సమావేశం కూడా అయిపోయింది, ఏమీ తేలలేదు.

అది బయటి సంగతి. ఇంట్లో ఏం చేశారు? 2021 మేలో, జెనీవాలో పేటెంట్లు ఆపమని అడుగుతున్న ఇదే కేంద్ర ప్రభుత్వం, పేటెంట్ చట్టంలోని అధికారాలను ఇప్పుడు వాడితే ఫలితం ఎదురుతిరుగుతుందని సుప్రీంకోర్టుకు రాసిచ్చింది. రెమ్‌డెసివిర్ కోసం జనం రాత్రంతా వరుసల్లో నిలబడుతున్న రోజులవి. ఆ మందుకు అమెరికా కంపెనీ గిలియడ్ 2020 మేలోనే మన కంపెనీలకు, హైదరాబాద్ హెటిరోతో సహా, స్వచ్ఛందంగా లైసెన్సులు ఇచ్చింది. అయినా 2021 ఏప్రిల్‌లో అది నల్లబజారులో తప్ప దొరకలేదు.

అదే మేలో ఇంకో ముచ్చట జరిగింది. ఎలై లిల్లీ కంపెనీ మందు బారిసిటినిబ్ కోసం నాట్కో మళ్లీ కంపల్సరీ లైసెన్స్ దరఖాస్తు పెట్టింది. ఆ నెలలోనే లిల్లీ దిగొచ్చి, రాయల్టీ లేకుండా స్వచ్ఛందంగా లైసెన్స్ ఇచ్చింది. ఎందుకు ఇచ్చిందంటారు? తలుపు తట్టిన చప్పుడు వినపడ్డదనే నా అభిప్రాయం.

టీకాల ధరలూ గుర్తుచేసుకోండి. కోవాగ్జిన్ మన జీనోమ్ వ్యాలీలో, ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ తోడ్పాటుతో పుట్టిన టీకా. 2021 మే 1 నుంచి కొత్త విధానం అన్నారు. కేంద్రానికి 150, రాష్ట్రాలకు మొదట 600, విమర్శలొస్తే 400, ప్రైవేటు ఆస్పత్రికి 1,200. ఒకే సీసా, మూడు ధరలు! రాష్ట్రాలు ప్రపంచ టెండర్లు పిలిస్తే విదేశీ కంపెనీలు మేం కేంద్రంతోనే మాట్లాడతామన్నాయి. పంజాబ్‌కు మోడెర్నా, ఢిల్లీకి ఫైజర్ ఇదే చెప్పాయి. ఈ విధానం పైకి చూస్తేనే అహేతుకంగా ఉందని సుప్రీంకోర్టు అన్నాక, జూన్ 7న కేంద్రం వెనక్కి తగ్గింది. కొనుగోలు భారం రాష్ట్రానిది, కొనే సత్తా మాత్రం ఢిల్లీది. ఇది వారాల తరబడి నడిచింది, ఆ వారాల్లో మనలో ఎంతమంది మనుషుల్ని పోగొట్టుకున్నామో ఎవరికి వారికే తెలుసు.

ఇగ మూడో సంగతి, ఇప్పటిది. 2024 మార్చి 10న స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్‌లతో భారత్ వాణిజ్య ఒప్పందం చేసుకుంది. స్విట్జర్లాండ్ అంటే పెద్ద మందుల కంపెనీల పుట్టిల్లు. ఐదు రోజులకు, మార్చి 15న, మన పేటెంట్ నియమాలు మారాయి. ఫారం 27 ఏటా అక్కరలేదు, మూడేళ్లకు ఒకసారి చాలు. బేయర్‌ను పట్టిచ్చిన కాగితం అదే! 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందంలో పదమూడో అధ్యాయం చూడండి. మందులు అందరికీ అందడానికి స్వచ్ఛంద లైసెన్సులే మేలైన దారి అని రెండు దేశాలూ గుర్తిస్తున్నాయని రాశారు. జెనీవాలో మనం చెప్పినదానికి ఇది నేరుగా ఎదురు మాట.

ప్రభుత్వం వాదన కూడా చెప్పాలి. కంపల్సరీ లైసెన్స్ హక్కు ఎక్కడికీ పోలేదు, ప్రజారోగ్యం మీద 2001 నాటి దోహా ప్రకటనను ఒప్పందంలో పేర్కొన్నాం అంటున్నారు. అక్షరాలా చూస్తే నిజమే. తలుపు తీసేయలేదు. కానీ తట్టడం మర్యాద కాదని గోడ మీద రాసిపెట్టారు, తట్టడానికి పనికొచ్చే ఆధారాన్ని మూడేళ్లు వెనక్కి నెట్టారు. రేపు ఇంకో వ్యాధి వచ్చి నాట్కో లాంటి కంపెనీ దరఖాస్తు పెడితే, అవతలి లాయరు ముందు చదివేది ఆ వాక్యమే.

మొన్న ఒక తమ్ముడు అడిగిండు, “సార్, ఇంత పెద్ద ఒప్పందానికి పార్లమెంటు ఒప్పుకోవద్దా?” అని. వద్దు తమ్ముడూ, మన పద్ధతి ప్రకారం అక్కరలేదు. బ్రిటన్‌లో 2010 చట్టం ప్రకారం ఒప్పందాన్ని 21 సభా దినాలు పార్లమెంటు ముందు పెట్టాలి. దిగువ సభ వద్దంటే ఆగుతుంది. ఇక్కడ కేంద్ర మంత్రివర్గం చాలు. చట్టం మార్చాల్సి వస్తేనే సభకు వస్తారు. ఫారం 27 మార్చినట్టు నియమాలతో పని జరిగితే చర్చ లేకుండానే అయిపోతుంది. ఒక చిత్రం చెబుతాను. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో కేంద్ర జాబితా 14వ అంశం విదేశీ ఒప్పందాలు. రాష్ట్ర జాబితా 14వ అంశం వ్యవసాయం. రెండూ పద్నాలుగే. అయితే 253వ అధికరణం ప్రకారం మొదటి పద్నాలుగు రెండో పద్నాలుగును మింగగలదు. ఆరోగ్యం కూడా ఆ దారిలోదే.

2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాలు మహమ్మారుల మీద ఒక ఒడంబడికను ఆమోదించాయి. క్రిముల నమూనాలను, వాటితో చేసిన టీకాల వంటి ప్రయోజనాలను దేశాలు ఎట్లా పంచుకోవాలన్న అనుబంధం తేలాకే దాని మీద సంతకాలు మొదలవుతాయి. టీకాలు చేసే ఊరు మనది. ఆ అనుబంధం మీద రాష్ట్ర ప్రభుత్వం ఏమంటుంది, మన ఎంపీలు ఏమంటారు? లాక్‌డౌన్ తలుపు మూసినప్పుడు చప్పుడైంది గనుక అందరం అడిగాం. దీనికి చప్పుడుండదు.

పదమూడో అధ్యాయంలో పేటెంట్ల భాగం జిరాక్స్ తీయించి వెనుక బల్ల మీద పెట్టాను, పక్కనే తెలుగు సారాంశం ఉంది. లా చదివే పిల్లలు అది చూసి నా మాటల్లో తప్పుంటే ఇక్కడే దిద్దండి. ఉద్యోగ సంఘాల వాళ్లు తమ ఎంపీకి రాయాల్సిన ఉత్తరం ముసాయిదా కూడా అక్కడే ఉంది. ఒకటే ప్రశ్న రాశాను, ఫారం 27ను మూడేళ్లకు మార్చే ముందు ఎవరిని అడిగారు అని. పార్లమెంటు సమావేశాలకు ముందే చేరేటట్టు పంపండి.