గ్లూటెన్ మానేయాలా వద్దా? మానేసే ముందు ఒక్క టెస్ట్

ఈ ఎపిసోడ్ కూడా మా అజీజ్‌నగర్ ఇంటి డాబా మీద నుంచే. మధ్యమధ్యలో చేవెళ్ల రోడ్డు మీద లారీల సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే: "కడుపు ఉబ్బరంగా ఉంటోంది, గ్లూటెన్ మానేయమంటావా?" ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, బీటెక్ చదివినవాణ్ణి. కానీ ఈ విషయంలో నేనొక తప్పు చేశా. అది మీరు చేయొద్దని ఈ వీడియో.

జాబ్ చేసే రోజుల్లో ఇక్కడి నుంచి రోజూ గచ్చిబౌలి వెళ్లేవాణ్ణి. మధ్యాహ్నం క్యాంటీన్‌లో చపాతీ, కుర్మా. సాయంత్రం టీ, బిస్కెట్లు. ఇంటికొస్తే మళ్లీ చపాతీయే, ఎందుకంటే నాన్నకి షుగర్. రాత్రి ఏడు దాటితే పొట్ట డప్పులా అయ్యేది. ఒక ఫ్రెండ్ "గ్లూటెన్ రా అది, మానేయ్" అన్నాడు. చపాతీ, పూరీ, ఉప్మా, బేకరీ పఫ్, బిస్కెట్లు అన్నీ బంద్ చేశా. పది రోజుల్లో హాయిగా అనిపించింది. కేస్ క్లోజ్ అనుకున్నా.

రెండు నెలల తర్వాత దేనికైనా మంచిదని గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లా. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఇప్పుడు గోధుమ తింటున్నావా?" లేదు సార్, రెండు నెలలైంది అన్నా. "అయితే ఇప్పుడు టెస్ట్ చేసి లాభం లేదు. ఆరు వారాలు రోజూ చపాతీ తిని రా."

ఎందుకో చెప్తా. గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రోటీన్. చపాతీ పిండి సాగేది దానివల్లే. సీలియక్ అనే జబ్బు ఉన్నవాళ్లకి గ్లూటెన్ లోపలికి వెళ్తే, వాళ్ల సొంత ఇమ్యూనిటీయే చిన్నపేగు మీద దాడి చేస్తుంది. టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష ఆ దాడి గుర్తుల్ని పట్టుకుంటుంది. గ్లూటెన్ మానేస్తే దాడి ఆగుతుంది, గుర్తులు మెల్లగా పోతాయి, పేగు కూడా మానుతుంది. అప్పుడు జబ్బు ఉన్నా రిపోర్ట్ నార్మల్ వస్తుంది. మా భాషలో చెప్పాలంటే, బగ్ ఉన్న మాడ్యూల్‌ని ఆపేసి, లాగ్స్‌లో ఎర్రర్ లేదు కదా అన్నట్టు.

సరే, ఆరు వారాలు తిన్నా. టీటీజీ నెగెటివ్. దానితోపాటు టోటల్ ఐజీఏ కూడా చూశారు. అది పుట్టుకతోనే తక్కువున్నవాళ్లకి టీటీజీ తప్పుగా నెగెటివ్ రావొచ్చు. నాది నార్మల్. మరి మానేసినప్పుడు ఎందుకు బాగుంది?

ఇక్కడ నార్వేలో చేసిన ఒక స్టడీ చెప్పాలి. 2018లో అచ్చయింది. సీలియక్ లేకపోయినా గ్లూటెన్ పడదని చెప్పే 59 మందికి, ఏది ఏదో చెప్పకుండా మూడు రకాల బార్లు వారం వారం చొప్పున ఇచ్చారు. ఒకదాంట్లో గ్లూటెన్, ఒకదాంట్లో ఫ్రక్టాన్, ఇంకోదాంట్లో రెండూ లేవు. 24 మందికి ఫ్రక్టాన్ బార్‌తో ఎక్కువ ఇబ్బంది. 22 మందికి ఏమీ లేని బార్‌తో! గ్లూటెన్‌తో ఎక్కువ ఇబ్బంది పడింది 13 మందే. ఫ్రక్టాన్ గోధుమలో ఉంటుంది. ఇంకెందులో? ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ.

అప్పుడు నాకు లైట్ వెలిగింది. చపాతీ మానేసినప్పుడు నాకు తెలియకుండానే క్యాంటీన్ కుర్మా కూడా మానేశా, అది మొత్తం ఉల్లిగడ్డ గ్రేవీయే. బిస్కెట్లు పోయాయి, వాటితో పాటు రెండో టీ కూడా పోయింది. ఒకేసారి నాలుగు మార్చి, క్రెడిట్ ఒకదానికే ఇచ్చా.

మా అమ్మ అయితే ఒక్క మాటలో తేల్చేసింది: "మా చిన్నప్పుడు ఇంట్ల గోధుమపిండి ఏడిది బిడ్డా? జొన్నరొట్టెనే." నిజమే. దేశంలో 23 వేల మందికి పైగా పరీక్షించిన ఒక స్టడీ 2016లో వచ్చింది. రక్తంలో సీలియక్ యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందికి, దక్షిణాదిలో 0.10 శాతం మందికి కనిపించాయి. జబ్బుకి కావాల్సిన జీన్స్ మాత్రం రెండు చోట్లా మూడో వంతు మందికి పైనే ఉన్నాయి. తేడా ప్లేట్‌లో ఉంది: అక్కడ మనిషికి రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ, ఇక్కడ 25 గ్రాములు. ఇప్పుడు మన ఇళ్లల్లో కూడా రాత్రి అన్నం పోయి చపాతీ వచ్చింది. అందుకే మనకి ఇది రాదులే అని వదిలేయొద్దు.

వదిలేస్తే ఏమవుతుందో మా టీమ్‌లోని ఒక పంజాబీ అమ్మాయిని చూశాక తెలిసింది. ఏళ్ల తరబడి రక్తం తక్కువ, ఐరన్ మాత్రలు ఎన్ని వేసినా పెరగదు. చివరికి సీలియక్ అని తేలింది. ఒక టీమ్ లంచ్‌లో సర్వర్‌ని మూడుసార్లు అడిగింది. "మైదా లేదు మేడం" అన్నాడు. రెండు రోజులు లీవ్ పెట్టింది. తిరిగొచ్చాక నాతో అంది: "ఇప్పుడు అందరూ ఫ్యాషన్‌కి అడుగుతున్నారు. అందుకే నేను అడిగితే ఎవరూ సీరియస్‌గా తీసుకోరు." ఆ ఫ్యాషన్ వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది.

కాబట్టి ఏం చేయాలి?

ఒకటి, చాలాకాలంగా మోషన్స్, బరువు తగ్గడం, ఎంతకీ తగ్గని రక్తహీనత, పిల్లలు ఎదగకపోవడం, ఇంట్లో ఎవరికైనా సీలియక్, లేదా టైప్ 1 షుగర్ ఉంటే, గోధుమ మానకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. టీటీజీ పాజిటివ్ వస్తే సాధారణంగా ఎండోస్కోపీ చేసి ముక్క తీసి చూస్తారు. అది అయ్యేదాకా కూడా మానొద్దు. గోధుమ తిన్న వెంటనే దద్దుర్లు, ఆయాసం వస్తే మాత్రం అది అలర్జీ, దాని కథ వేరు. అప్పుడు అస్సలు తినొద్దు, వెంటనే డాక్టర్‌కి చూపించండి.

రెండు, సీలియక్ అని తేలితే జీవితాంతం, పూర్తిగా మానాలి. "పండక్కి ఒక్క పూరీ" కుదరదు. బొంబాయి రవ్వ, సేమియా, సోయా సాస్, బార్లీ మాల్ట్, బీరు అన్నీ లెక్కే. మనవాళ్లు మర్చిపోయేది ఇంగువ. డబ్బాలో వచ్చే ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు, లేబుల్ చదవండి. గిర్నీలో గోధుమ ఆడించిన వెంటనే జొన్నలు పోస్తే ఆ పిండి కూడా పనికిరాదు.

మూడు, సీలియక్ లేదని తేలి కూడా ట్రై చేయాలనుకుంటే, నాలుగైదు వారాలు ఒక్కటే మార్చండి. నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత మళ్లీ తిని చూడండి. తేడా లేకపోతే ఆపేయండి. "గ్లూటెన్ ఫ్రీ" బిస్కెట్ ప్యాకెట్‌కి డబుల్ రేటు పెట్టాల్సిన పని లేదు. అన్నం, జొన్న, సజ్జ, రాగి, కొర్ర పుట్టుకతోనే గ్లూటెన్ లేనివి. మనకి పక్కనే రాజేంద్రనగర్‌లో దేశం మొత్తానికి చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది, మనమేమో ఫారిన్ ప్యాకెట్ వెతుకుతాం!

నా సంగతంటారా? చపాతీ తింటున్నా. ఉల్లిగడ్డ తగ్గించా. రాత్రి అమ్మ చేసే జొన్నరొట్టె. పొట్ట పూర్తిగా సెట్ అయిందని చెప్పను కానీ, ఇప్పుడు ఊహ మీద కాదు, రిపోర్ట్ చూసుకుని తింటున్నా.

మీ ఇంట్లో ఎవరైనా రేపటి నుంచి గోధుమ బంద్ అంటుంటే, ముందు ఈ వీడియో చూపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటా.