బాంబే హైవే మీద వచ్చిన ట్యాంకులు: అహ్మద్‌నగర్ ట్యాంక్ మ్యూజియం ట్రిప్

ఈ ఎపిసోడ్ ట్యాంకుల గురించి. ట్యాంక్ బండ్ కాదు, నిజం ట్యాంకులు.

హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లని వీకెండ్ ఎక్కడికి అంటే వికారాబాద్, శ్రీశైలం, లాంగ్ వీకెండ్ అయితే హంపి, గోకర్ణ అంటారు. మేం ముగ్గురం ఈసారి మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ వెళ్లాం. 2024లో ఊరి పేరు అహిల్యానగర్ అని మార్చారు, కానీ నా నోటికి పాత పేరే వస్తుంది, ఏమనుకోకండి. అక్కడ కావల్రీ ట్యాంక్ మ్యూజియం ఉంది. మన ఆర్మీలో ట్యాంకు నడపడం నేర్పే ఆర్మర్డ్ కోర్ సెంటర్ అండ్ స్కూల్ ఆ ఊళ్లోనే ఉంది. వాళ్లే 1994 ఫిబ్రవరిలో ఈ మ్యూజియం మొదలుపెట్టారు. దాదాపు 50 బండ్లు ఆరుబయట చెట్ల మధ్య వరుసగా నిలబెట్టి ఉంటాయి.

రూట్ చాలా సింపుల్. మియాపూర్, పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాద్, హుమ్నాబాద్, ఉమర్గా, నల్‌దుర్గ్, షోలాపూర్. అక్కడిదాకా మన బాంబే హైవేనే, ఎన్‌హెచ్ 65. షోలాపూర్ నుంచి కర్మాలా మీదుగా అహ్మద్‌నగర్. మొత్తం 550 కిలోమీటర్లు అటూ ఇటూగా. ఈ ఊళ్ల పేర్లు కొంచెం గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

లోపల అన్నిటికంటే ముసలిది ట్యాంకు కాదు, కారు. రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆర్మర్డ్ కార్. చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లకి అక్కడి పసుపు రంగు రోల్స్ గుర్తుండే ఉంటది కదా, నిజాం కోసం చేయించిన 1912 మోడల్? అదీ సిల్వర్ ఘోస్టే. ఒకే కంపెనీ, ఒకే మోడల్. అక్కడ దాని మీద సింహాసనం లాంటి సీటు పెట్టారు, ఇక్కడ ఇనుప రేకులు బిగించి పైన మెషీన్ గన్ పెట్టారు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం నాటివి. మటిల్డా, వాలెంటైన్, చర్చిల్ బ్రిటిష్‌వి. జపాన్ వాళ్ల టైప్ 95 హా-గో చూస్తే మాత్రం నవ్వొచ్చింది, బొమ్మలా ఉంది. బరువు ఏడు టన్నులు దాటి కొంచెం, రేకు మందం చాలాచోట్ల 12 మిల్లీమీటర్లే. నవ్వు ఎంతోసేపు ఉండలేదు. ఆ రేకు వెనక ముగ్గురు కూర్చుని యుద్ధానికి వెళ్లారు. మేం వెళ్లింది ఎండ టైమ్‌లో. ఏ ట్యాంకుని ముట్టుకున్నా చేయి కాలుతోంది. ఏసీ లేకుండా, ఇంజిన్ పక్కనే, చిన్న కంత లోంచి బయటికి చూస్తూ గంటలు గంటలు ఎలా ఉండేవారో ఊహించుకోండి.

నేను ఎక్కువసేపు ఆగింది షెర్మన్ దగ్గర, ప్యాటన్ దగ్గర. ఎందుకో చెప్తా.

మన ఆర్మీలో డెక్కన్ హార్స్ అనే రెజిమెంట్ ఉంది. ఆ డెక్కన్ మన దక్కనే. హైదరాబాద్ కాంటింజెంట్ అని నిజాం ఖర్చుతో, బ్రిటిష్ ఆఫీసర్ల కింద నడిచే సైన్యం ఒకటి ఉండేది. దాని గుర్రపు దళాల నుంచి పుట్టిన రెజిమెంట్ ఇది. 1903లో కాంటింజెంట్ మొత్తాన్ని ఇండియన్ ఆర్మీలో కలిపేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వీళ్లు ఫ్రాన్స్ వెళ్లారు. 1916 జులై 14న సోమ్ యుద్ధంలో హై వుడ్ అనే అడవి పక్కన, మెషీన్ గన్ల ఎదుట, గుర్రాల మీద బల్లేలు పట్టుకుని చార్జ్ చేశారు. రెండు నెలల తర్వాత, 1916 సెప్టెంబర్ 15న, ప్రపంచంలో మొట్టమొదటిసారి ట్యాంకులు యుద్ధంలోకి దిగాయి. ఎక్కడ? అదే సోమ్‌లో. వాటిలో కొన్ని అదే హై వుడ్‌లోకి వెళ్లాయి. నాకైతే ఇది చదివినప్పుడు కాసేపు ఏం తోచలేదు. హైదరాబాద్ పేరున్న గుర్రాలు ఆగిపోయిన చోటే ట్యాంకు మొదలైంది.

ఆ రెజిమెంట్ తర్వాత గుర్రాలు వదిలేసింది. 1945లో బర్మాలో షెర్మన్ ట్యాంకులతో పోరాడింది. 1965లో కూడా వాళ్ల దగ్గర ఉన్నవి అవే పాత షెర్మన్లు. ఎదుట పాకిస్తాన్ దగ్గర అమెరికా ఇచ్చిన ప్యాటన్లు, ఒక్కోటి 45 టన్నుల లెవెల్లో, 90 మిల్లీమీటర్ల గన్‌తో. పంజాబ్‌లో అసల్ ఉత్తర్ అనే ఊరి దగ్గర సెప్టెంబర్ 8 నుంచి 10 దాకా జరిగింది యుద్ధం. పేరుకి అర్థం అసలైన జవాబు, కల్పించి పెట్టినట్టు ఉంటది, కానీ నిజంగా ఊరి పేరే అది.

మనవాళ్లు చెరకు తోటల్లో ట్యాంకుల్ని గుర్రపు నాడా ఆకారంలో దాచారు. పొలాల్లోకి నీళ్లు వదిలారు. బరువైన ప్యాటన్లు బురదలో దిగబడ్డాయి. డెక్కన్ హార్స్ షెర్మన్లు, 3 కావల్రీ సెంచూరియన్లు, 8 లైట్ కావల్రీ ఏఎమ్‌ఎక్స్-13లు మూడువైపుల నుంచి కొట్టాయి. జీపు మీద గన్ బిగించుకుని ట్యాంకుల్ని పేల్చిన అబ్దుల్ హమీద్ పేరు మీకు తెలిసే ఉంటది. ఆయన చనిపోయింది అక్కడే, తర్వాత పరమవీర చక్ర ఇచ్చారు. మన లెక్క ప్రకారం పాకిస్తాన్ 97 ట్యాంకులు పోగొట్టుకుంది. స్పెక్ షీట్ పక్కపక్కన పెట్టి చూస్తే ప్యాటనే గెలవాలి. ఫోన్ కొనేటప్పుడు మనం చేసే కంపారిజన్ ఇక్కడ పనిచేయలేదు, ఎందుకంటే షీట్‌లో బురద అనే కాలమ్ ఉండదు.

ఇంతవరకు చెప్పడం తేలిక. ఇప్పుడు చెప్పేది కొంచెం కష్టం.

1965లో ఆర్మీ చీఫ్ ఎవరు? జనరల్ జె.ఎన్. చౌధురి. 1948లో ఆయన మేజర్ జనరల్, 1 ఆర్మర్డ్ డివిజన్ కమాండర్. ఆపరేషన్ పోలో. 1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున ఆయన ట్యాంకులు షోలాపూర్ నుంచి కదిలాయి. నల్‌దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్. ఇందాక గుర్తుపెట్టుకోమన్న పేర్లే, రివర్స్‌లో. ఐదు రోజుల్లో అయిపోయింది. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు, చౌధురి హైదరాబాద్ మిలిటరీ గవర్నర్ అయ్యాడు. మన ఆర్మీ దగ్గర అప్పట్లో ఉన్నవి ఇవే షెర్మన్లు, స్టువర్టులు, చర్చిల్‌లు. మీరు ఈఎమ్‌ఐ కట్టే ఫ్లాట్ చందానగర్‌లోనో మియాపూర్‌లోనో ఉంటే, ఇంటి ముందు హైవే ట్యాంకులు వచ్చిన దారే.

ఆ ట్యాంకులు ఎందుకొచ్చాయో తెలంగాణ ఊళ్లలో అడగండి. ఖాసిం రజ్వీ రజాకార్లు ఏం చేశారో చెప్తారు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో ఊరివాళ్లని చంపిన కథ ఇప్పటికీ సిద్దిపేట వైపు పెద్దవాళ్లు చెప్తూనే ఉంటారు. ఆ ఇళ్లకి షెర్మన్ అంటే ఊపిరి పీల్చుకోవడం.

అదే రోడ్డు మీద ఇంకో కథ ఉంది. సైన్యం వచ్చాక జరిగిన హింస మీద నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక కమిటీ పంపింది. తక్కువలో తక్కువ లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని ఆ రిపోర్ట్ చెప్పింది, ఎక్కువగా ముస్లింలు. అన్నిటికంటే ఘోరంగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. నల్‌దుర్గ్ ఉస్మానాబాద్‌లో, హుమ్నాబాద్ బీదర్‌లో ఉన్నాయి. కొన్నిచోట్ల సైనికులే అందులో పాల్గొన్నారని, కొన్నిచోట్ల సైనికాధికారులే జనాన్ని కాపాడారని కూడా ఆ రిపోర్ట్‌లోనే ఉంది. రజాకార్ల దారుణాలనూ అది దాచలేదు. రిపోర్ట్‌ని మాత్రం చాలా ఏళ్లు బయటికి రానివ్వలేదు.

ప్రతి సెప్టెంబర్ 17కి ఒక పార్టీ విమోచన దినం అంటది, ఇంకో పార్టీ సమైక్యతా దినోత్సవం అంటది, 2024లో ప్రజా పాలన దినోత్సవం అన్నారు. కామెంట్స్‌లో మీరు కొట్టుకుంటారని తెలుసు. ఒక్కటి అడుగుతా, రెండు కథల్లో ఒకటి అబద్ధం అయితేనే రెండోది నిజం అవుతుందా? నాకు అలా అనిపించట్లేదు. షెర్మన్ పక్కన ఒక ఫ్యామిలీ పిల్లాడిని నిలబెట్టి ఫోటో తీస్తోంది, బాగుంది, మేమూ దిగాం. ఆ ఫోటోలో ట్యాంకు ఎప్పుడూ ఖాళీగానే ఉంటది, ఎవరి ఇంటి ముందుకి వెళ్లిందో కనిపించదు.

తిరిగి వచ్చేటప్పుడు సంగారెడ్డి దాటాక ఎద్దుమైలారం బోర్డు చూడండి. 1984లో పెట్టిన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మెదక్ అక్కడే ఉంది. బీఎమ్‌పీ-2 సారథ్ తయారయ్యేది అక్కడే. 14 టన్నులు, ముగ్గురు సిబ్బంది, వెనక ఏడుగురు సైనికులు, నీళ్లలో కూడా ఈదుతుంది. ఐఐటీ హైదరాబాద్ కంది క్యాంపస్‌కి మారకముందు క్లాసులు నడిచింది కూడా ఆ ఫ్యాక్టరీ ఎస్టేట్‌లోనే. అంటే మన సీనియర్లు కొందరు ఆర్మర్డ్ బండ్లు తయారయ్యే చోటు పక్కనే కోడింగ్ నేర్చుకున్నారన్నమాట.

మ్యూజియానికి వెళ్లేవాళ్లు ఒరిజినల్ ఐడీ కార్డు పెట్టుకోండి, నీళ్ల బాటిల్, టోపీ తప్పనిసరి. ఎండాకాలం వద్దు, డిసెంబర్, జనవరి బెటర్. నల్‌దుర్గ్ కోట రోడ్డు పక్కనే, ఒక గంట ఆగండి. మీ ఇంట్లో తాతయ్య, నానమ్మ ఎవరైనా 1948 గురించి చెప్పి ఉంటే, ఏ వైపు కథైనా సరే, కింద రాయండి. చదువుతా.