ఊరి జనసంఖ్య – ఊరి బాట



మా వరంగల్లు సీమ పల్లెలను గూర్చి ప్రసంగించువారు చెఱువులతో మొదలిడుట వాడుక. నేను నేడు రెండంకెలను గూర్చి మాత్రము మనవి చేసెదను. ఊరిలో నెంతమంది యున్నారనునది యొకటి. బస్సెక్కుటకు వారెంత దూరము నడువవలెననునది రెండవది. ఇవి వేర్వేరు సంగతులని పెక్కురు తలంతురు. కాని యిప్పటి యేర్పాటులో మొదటి యంకెయే రెండవదానిని నిర్ణయించుచున్నది.

పూర్వమిట్లు గాదు. రైలు 1886లో వరంగల్లునకు వచ్చి, 1889లో బెజవాడ చేరినది. ఆ పట్టాలు పల్లెల జనమును లెక్కించి వేసినవి కావు. త్రోవలో బడిన యూరికి స్టేషను దక్కెను. రెండు కోసుల యవతలి యూరికి కూత మాత్రము దక్కెను. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలిడిరి. బస్సుకును బాట కావలె గదా! పెక్కు పల్లెలకు బండ్లబాటయే గతి.

ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైనది. మైదానములందు 500 మంది, షెడ్యూల్డు ప్రాంతములందు 250 మంది గల ఆవాసములకు అన్ని ఋతువులందును నడచు బాట వేయుట దాని యుద్దేశము. ఆవాసమను మాటను పెద్దలు గమనింపవలెను. రెవెన్యూ కాగితములందు గ్రామమొకటే. దాని శివారులో రెండు తండాలును, ఒక గూడెమును ఉండవచ్చును. జనగణన పుస్తకమున గ్రామము పేరిట బస్సు కలదని వ్రాసియుండును. అది యసత్యము గాదు. బస్సు అసలూరికి వచ్చును. తండాకును అసలూరికిని నడుమ వాగున్నది. బస్సు లేని గ్రామములకు దూరమును మూడు తరగతులుగా వ్రాసిరి: 5 కిలోమీటర్లలోపు, 5 మొదలు 10 వఱకు, 10కి మించినది. 11 నడచువాడును 30 నడచువాడును ఆ పుస్తకమున నొక్క తరగతివారే!

2011లో పాత వరంగల్లు జిల్లా జనసంఖ్య 35,12,576. ఇంత పెద్ద యంకె తండాకు బాట వేయదు. 500 అను చిన్న యంకె వేయును.

నర్సంపేట వైపు నొక తండాకు నేను పోయినప్పుడు అచ్చటి పెద్దమనిషి యిట్లనెను: “అయిదు నూర్లకు పందొమ్మిది మందిమి తక్కువ బడ్డమట సారూ. లెక్కలప్పుడు మావోళ్లు మిరపకాయ ఏరబోయిన్రు.” నేను తేదీలు చూచితిని. 2011లో జనగణన ఫిబ్రవరి 9 మొదలు 28 వఱకు జరిగినది. సరిగా మిరప కోతల కాలము. లెక్క వ్రాయవచ్చినవానిని నేను తప్పుపట్టను. తాళము వేసిన యింటిలో నతడెవరిని లెక్కించును?

ఆ లెక్క పాతదై మూలబడలేదు. 2018 నాటి పంచాయతీ చట్టముచే 500 జనము గల తండాలు ప్రత్యేక పంచాయతీలయ్యెను. 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. కావున 2024లో మంజూరైన గ్రామసడక్ నాలుగవ దశకును 2011 లెక్కయే యాధారము. అప్పటికి పుట్టని బిడ్డలు ఉన్నతపాఠశాలకు బోవు నీడు వారైరి. బాట లెక్కలో వారింకను పుట్టలేదు. 2023 డిసెంబరు 9 నుండి రాష్ట్రమున స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైనది. మంచి పనియే. కాని బస్సు రాని తండాలోని స్త్రీకి టిక్కెట్టు లేకపోవుటచే గలిగిన లాభమేమి? ఆటోవాడు ఆమెను ఉచితముగా నెక్కించుకొనడు.

రాబోవు జనగణనకు 2027 మార్చి 1 ప్రమాణదినమని 2025 జూనులో ప్రకటించిరి. అనగా లెక్క మరల ఫిబ్రవరిలోనే, మరల మిరప కోతలలోనే వచ్చును. 2011 నియమము ప్రకారము, ఆ గడువులో నెప్పుడైన నింటనున్నవారిని ఇంటివారిగనే వ్రాయుదురు. కోతలకు బోవువారికిని, భీవండి, సూరతు మగ్గములపై నున్నవారికిని ముందే కబురు చేయుట పెద్దల పని. భీవండిలో నేండ్లతరబడి కాపురమున్నవారు అచ్చటి లెక్కలోనే చేరుదురు. వారిని మన లెక్కలో గలుపబూనుట తగదు. లెక్క వ్రాయువాడు వచ్చినపుడు ఒకరు వెంటబోయి, తండాలోని చివరి యింటి వఱకు జూపవలెను.

నేను చెప్పిన తండా పెద్దమనిషి యిప్పటినుండియే తన మనుమరాలిచేత ఇంటింటి పేళ్లను నోటుబుక్కులో వ్రాయించుచున్నాడు. నేను పోయినప్పుడు నలువదిరెండవ యింటివద్ద నుండిరి.