అల్లరి అన్న పేరు వెనుక

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సదస్సులో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్లు నిండిన పాఠశాల తన ఘనతను చెప్పుకొనడం సహజం. ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులైన వారి పేర్లు వ్రాసిన ఫలకం మన వరండాలో ఉన్నది. నేడు నేను ఆ ఫలకంపైకి ఎక్కని పిల్లలను గురించి మాట్లాడదలచాను. నిమిషమైనా కుదురుగా కూర్చోలేనివారు, ప్రశ్న పూర్తి కాకముందే జవాబు అరిచేవారు, కిటికీ వైపు చూస్తూ పీరియడంతా గడిపేవారు ప్రతి తరగతిలోను ఉంటారు. వారికి మనం పెట్టే పేర్లు అందరికీ తెలిసినవే: అల్లరివాడు, కోతి, సోమరి, మొద్దు. వీరిలో కొందరి విషయంలో ఆ పేర్లు అన్యాయమైనవి. వారిది వైద్యశాస్త్రం గుర్తించిన ఒక స్థితి. దానిని అవధాన లోప, అతిచలన రుగ్మత అనవచ్చును. వైద్యులు క్లుప్తంగా ఏ.డి.హెచ్.డి. అంటారు.

అవధానమంటే ఏమిటో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. అష్టావధాన సభలో అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికి అప్రస్తుత ప్రసంగి ఒకరుంటారు. ఈ స్థితి గల పిల్లవానికి తరగతి గదిలో ప్రతి శబ్దమూ ఒక అప్రస్తుత ప్రసంగే. వీధిలో పోయే బండి, పక్కవాని పెన్సిలు, పైనున్న ఫ్యాను అన్నీ ఒకే బలంతో అతనిని పిలుస్తాయి. వాటిని పక్కకు నెట్టి పాఠాన్ని పట్టుకొనే శక్తి అతనిలో వయస్సుకు తగినంతగా ఎదిగి ఉండదు.

ఇది ఈ కాలపు వింత కాదు. 1798లోనే స్కాట్లండు వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్, మనస్సు నిలపలేని లక్షణం పుట్టుకతోనే రావచ్చునని వ్రాశారు. 1902లో లండనులో శిశు వైద్యుడు జార్జ్ స్టిల్, తెలివిలో లోటు లేకున్నా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లలను గురించి ప్రసంగించారు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ ఇటువంటి పిల్లలలో ఒక ఉత్తేజక ఔషధం మంచి మార్పు తెచ్చుటను గమనించారు.

కారణాల విషయంలో నేటి పరిశోధన మరికొంత స్పష్టత నిచ్చింది. కవల పిల్లలపై జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూడగా, మనిషికీ మనిషికీ ఈ లక్షణాలలో కనబడే తేడాలో సుమారు 74 శాతం వంశపారంపర్యానికి చెందినదని తేలింది. 2023లో వెలువడిన పరిశోధన దీనితో సంబంధమున్న 27 జన్యు స్థానాలను గుర్తించింది. ఏ ఒక్క జన్యువూ దీనికి కారణం కాదు. చిన్న చిన్న ప్రభావాలు అనేకం కలుస్తాయి. 2007లో అమెరికాలో ఈ స్థితి గల 223 మంది పిల్లల మెదళ్ళను, అంతే సంఖ్యలో ఇతర పిల్లల మెదళ్ళతో పోల్చి చూశారు. మెదడు పైపొర గరిష్ఠ మందానికి చేరే మధ్యస్థ వయస్సు ఇతరులలో ఏడున్నరేండ్లు కాగా, వీరిలో పదిన్నరేండ్లు. ఎదుగుదల క్రమం ఒక్కటే, ఆలస్యమే తేడా. కాబట్టి తల్లి గారాబం వలన వచ్చిందనీ, తండ్రి దండించకపోవడం వలన వచ్చిందనీ ఇరుగుపొరుగు అనే మాటలకు ఆధారం లేదు.

ఎంతమందికి ఉంటుంది? ప్రపంచ ఏ.డి.హెచ్.డి. సమాఖ్య 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారం పిల్లలలో 5.9 శాతం, పెద్దలలో 2.5 శాతం. అంటే నలుబది మంది గల తరగతిలో ఇద్దరుంటారని అనుకోవచ్చును.

ఇక నిర్ధారణ. దీనికి రక్త పరీక్ష లేదు, స్కానింగు లేదు. 2013లో సవరించిన అమెరికా మానసిక వైద్యుల ప్రమాణాల ప్రకారం, అవధాన లోపానికి సంబంధించిన తొమ్మిది లక్షణాలలో గాని, అతిచలనానికీ తొందరపాటుకూ సంబంధించిన తొమ్మిదింటిలో గాని కనీసం ఆరు ఉండాలి. పదిహేడేండ్లు నిండిన వారికి అయిదు చాలును. అవి ఆరు నెలలైనా కొనసాగాలి; కొన్ని పన్నెండేండ్లలోపే కనబడి ఉండాలి; జీవితానికి ఆటంకం కావాలి. అన్నింటికంటె మనకు ముఖ్యమైన నియమం ఒకటున్నది: లక్షణాలు కనీసం రెండు చోట్ల కనబడాలి. పిల్లవానికి ఇల్లు ఒక చోటు, బడి రెండవ చోటు. అందుచేత ఉపాధ్యాయుని సాక్ష్యం లేనిదే వైద్యుని పని సాధారణంగా పూర్తి కాదు. రోగం పేరు పెట్టే అధికారం మనకు లేదు. చూచినది చూచినట్లు వ్రాసి ఇచ్చే బాధ్యత మాత్రం మనదే.

ఆ చూపులో మూడు పొరపాట్లు దొర్లే ప్రమాదమున్నది.

మొదటిది, చిన్న వయస్సును రుగ్మతగా భావించడం. 2018లో అమెరికాలో నాలుగు లక్షలకు పైగా పిల్లల వివరాలు పరిశీలించారు. సెప్టెంబరు 1 నాటికి అయిదేండ్లు నిండాలనే నియమమున్న రాష్ట్రాలలో, ఆగస్టులో పుట్టి తరగతిలో అందరికంటె చిన్నవారైన పిల్లలలో పదివేలకు 85 మందికి ఈ నిర్ధారణ జరిగింది. సెప్టెంబరులో పుట్టి అందరికంటె పెద్దవారైన వారిలో 64 మందికే జరిగింది. మనలో పిల్లలను త్వరగా బడిలో వేయాలని వయస్సు ఎక్కువ వేసి వ్రాయించే అలవాటున్నది. రిజిస్టరులో ఆరేండ్లున్న బిడ్డకు నిజంగా అయిదేండ్లే అయితే, కుదురు లేకపోవడంలో వింత ఏమున్నది? తల్లిదండ్రులారా, అసలు పుట్టిన తేదీని వైద్యునికి దాచవద్దు.

రెండవది, నిశ్శబ్దంగా ఉన్నవారిని విడిచిపెట్టడం. అల్లరి చేసేవాడు అందరి కంటా పడతాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టక, పుస్తకం తెరచి ఎక్కడో ఆలోచనలో ఉండే బాలిక ఎవరి కంటా పడదు. ఆడపిల్లలలో అతిచలనం కంటె అవధాన లోపమే ఎక్కువగా కనబడుట వలన చాలామందిని ఆలస్యంగా గుర్తిస్తున్నారని పరిశోధకులు చెబుతున్నారు. మన వద్ద అటువంటి బాలికను చదువు రాదని ఎనిమిదవ తరగతితో మాన్పించి పెండ్లి మాటలు మొదలుపెడితే, ఆ నష్టం ఏ లెక్కలోను చేరదు.

మూడవది, ఇతర కారణాలను చూడకపోవడం. కంటిచూపు, వినికిడి, రక్తహీనత, నిద్రలేమి, ఇంటిలోని కలత, వీటిలో ఏదైనా ఏకాగ్రతను హరిస్తుంది. కన్నడసీమలోని మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో కన్నడం, ట్యూషనులో ఇంగ్లీషు. మరొక మాధ్యమం నుండి వచ్చి చేరిన బిడ్డ, మాట అర్థం కాక దిక్కులు చూస్తున్నాడేమో ముందు తెలుసుకోవాలి.

చికిత్స విషయంలో మందులంటే భయపడేవారున్నారు, మందే చాలుననుకొనేవారున్నారు. అమెరికాలో 579 మంది పిల్లలపై పదునాలుగు నెలలు జరిపిన అధ్యయనం 1999లో వెలువడింది. శ్రద్ధగా పర్యవేక్షించిన ఔషధ చికిత్స ముఖ్య లక్షణాలను బాగా తగ్గించింది. ప్రవర్తనా శిక్షణ కూడ తోడైన పిల్లలకు తక్కువ మోతాదు సరిపోయింది. మూడేండ్ల తరువాత చూస్తే బృందాల నడుమ ఆ తేడాలు నిలువలేదు. 2018లో 133 పరిశోధనలను కలిపి విశ్లేషించినపుడు, స్వల్పకాలంలో పిల్లలకు మిథైల్‌ఫెనిడేట్, పెద్దలకు యాంఫిటమిన్ జాతి ఔషధాలు మొదట ఎంచుకోదగినవని తేలింది. ఆకలి, నిద్ర తగ్గవచ్చు; నాడి, రక్తపోటు పెరగవచ్చు. అందుచేత వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి. ఇరుగింటి బిడ్డకు పనిచేసిన మాత్రను అడిగి తెచ్చుకొనరాదు. ఆరేండ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల శిక్షణే మొదటి చికిత్స.

పెద్దయితే అదే పోతుందన్న నమ్మకాన్ని కూడ సవరించుకోవాలి. పై అధ్యయనంలోని 558 మందిని పదహారేండ్లు గమనించగా, పూర్తిగా కోలుకొని అలాగే నిలిచినవారు సుమారు 9 శాతం. 64 శాతం మందిలో లక్షణాలు తగ్గుతూ, మరల వస్తూ ఉన్నాయి. ఈ సభలోని పూర్వ విద్యార్థులలో ఎవరైనా ఉద్యోగాలు నిలుపుకోలేక, మొదలుపెట్టిన పని ముగించలేక, జీవితమంతా తమను తాము నిందించుకొంటూ ఉండవచ్చును. వారు వైద్యుని వద్దకు వెళ్ళినపుడు బాల్యపు ఆధారం అడుగుతారు. ప్రగతి పత్రంలో మన గురువులు వ్రాసిన "తెలివి కలదు, శ్రద్ధ లేదు" వంటి వాక్యమే అక్కడ అక్కరకు రావచ్చును. పాత పత్రాలను పారవేయవద్దు.

సహోపాధ్యాయులకు కొన్ని సూచనలు. అటువంటి బిడ్డను కిటికీకి దూరంగా, మన బల్లకు దగ్గరగా కూర్చోబెట్టండి. ఒకసారి ఒకే పని చెప్పండి. పది లెక్కలను రెండేసి చొప్పున ఇవ్వండి. సుద్దముక్కలు తెమ్మని, హాజరు పట్టీ కార్యాలయంలో ఇచ్చి రమ్మని పంపండి. కదలవలసిన శరీరానికి గౌరవప్రదమైన పని దొరుకుతుంది. మంచి పని చేసిన వెంటనే మెచ్చుకోండి, సాయంకాలం దాకా ఆగవద్దు. ఆటల పీరియడును శిక్షగా రద్దు చేయవద్దు.

తల్లిదండ్రులకు సహాయం దూరంలో లేదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలలో పరీక్షించే స్థితులలో ఇది కూడ ఉన్నది. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగమున్నది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కు 14416 నెంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో ఈ స్థితి విడిగా లేదు. నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్నది. రెండూ కలిసి ఉన్న పిల్లలు అనేకులు గనుక, పరీక్ష చేయించేటపుడు రెండింటినీ చూడమని అడగండి.

చివరగా, పాలకవర్గం ముందు రెండు ప్రతిపాదనలుంచుతున్నాను. ఒకటి, ప్రతి తరగతికి ఒక పరిశీలన పుస్తకం ఉండాలి. అందులో "అల్లరి" అని వ్రాయక, ఏ పీరియడులో, ఎంతసేపు, ఏమి చేసినాడో వ్రాయాలి. రెండు, కుదురు లేదన్న కారణంతో, ఆ పుస్తకం చూడకుండా, తల్లిదండ్రులతో మాట్లాడకుండా, వైద్యుని సలహా కోరకుండా, ఏ బిడ్డ చేతిలోనూ టి.సి. పెట్టరాదు. తెలుగు మాధ్యమంలో చదివించాలని మన గడప తొక్కిన కుటుంబానికి ఈ ఊరిలో మరొక బడి వెదకుకొనడం సులభం కాదు. ఈ రెండింటినీ జూబిలీ సంవత్సరంలోనే అమలు చేయవలసినదిగా కోరుతున్నాను.