మన తిండి, మన బలం

(సిద్దిపేటలో సంత్ సేవాలాల్ మహారాజ్ జయంతి వేడుకల్లో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



  ఈ రోజు నేను మాట్లాడేది మాత్రం ముందు వరుసల్లో కూర్చున్న తమ్ముళ్లతో, చెల్లెళ్లతో. నాకిచ్చిన అంశం బలం, తిండి. ఈ రెండింటి మీదా మన తండాల్లో వాదనలు చాలా ఉన్నాయి. మాంసం తినాలని ఒకరు, మానాలని ఒకరు, డబ్బా పౌడర్ లేకపోతే కండ రాదని ఇంకొకరు. ఎవరి మాట వినాలో తెలియక కొందరు అప్పు చేసి మరీ పౌడర్ కొంటున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక ఊరి గురించి చెప్తాను. బాపట్ల జిల్లాలో స్టువర్టుపురం ఉంది. ఎరుకల కుటుంబాలను తెచ్చి 1913 ప్రాంతంలో అక్కడ సెటిల్‌మెంట్ పెట్టారు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పుట్టుకతోనే కొన్ని జాతులను నేరస్తులుగా రాసేసింది. ఊరు దాటాలంటే అనుమతి, రోజూ హాజరు. ఒంట్లో బలముంటే దాన్ని కూడా అనుమానంగా చూసిన కాలమది. ఆ చట్టం రద్దయింది 1952లో. మచ్చ మాత్రం అంత తొందరగా పోలేదు, సినిమాలు కూడా ఆ పేరును అలాగే వాడుకున్నాయి.

అదే స్టువర్టుపురం నుంచి రాగాల వెంకట్ రాహుల్ వచ్చాడు. మన హకీంపేట క్రీడా పాఠశాలలో శిక్షణ తీసుకున్నాడు. 2014లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన యూత్ ఒలింపిక్స్‌లో 77 కిలోల విభాగంలో వెండి పతకం గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బంగారు పతకం. స్నాచ్‌లో 151 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 187 కిలోలు, మొత్తం 338 కిలోలు ఎత్తాడు. ఒకప్పుడు ఆ ఊరి మనుషుల హాజరు పోలీసులు వేసేవాళ్లు. ఆ ఊరి బిడ్డ మెడలో పతకం వేసినప్పుడు జాతీయ గీతం మోగింది. రెంటి మధ్య ఉన్నది ఏళ్ల తరబడి చేసిన సాధన.

ఆ సాధన ఎట్లా ఉంటుంది? గ్రీకుల పాత కథ ఒకటి ఉంది. మైలో అనే కుస్తీవీరుడు లేగదూడను రోజూ భుజాల మీద మోసేవాడట. దూడ పెరుగుతూ పోయింది, అతని బలమూ పెరుగుతూ పోయింది. చివరికి ఎద్దునే మోశాడట. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని లదేణి నడిపిన వంశం మనది, మనకు ఈ కథ తొందరగా అర్థమవుతుంది. బరువు కొంచెం కొంచెంగా పెరగాలి, శరీరం దానికి అలవాటు పడాలి. బలం పెంచే శిక్షణకు మూలం ఇదే.

అయితే కథలో ఉన్నట్టు నిజంగా జరగదు. లెక్క వేసి చూడండి. వారానికి రెండున్నర కిలోలు పెంచుకుంటూ పోతే 52 వారాలకు 130 కిలోలు పెరగాలి. అట్లా ఎవరికీ పెరగదు. మొదటి ఆరు, ఎనిమిది వారాలు బరువులు తొందరగా పెరుగుతాయి. అప్పటికి కండ పెద్దగా పెరిగి ఉండదు. ఉన్న కండను గట్టిగా వాడుకోవడం నరాలు నేర్చుకుంటాయి, అంతే. ఆ తర్వాత వేగం తగ్గుతుంది. కొన్ని నెలలు ఒకే బరువు దగ్గర ఆగిపోతారు. మన పిల్లలు దారి తప్పేది సరిగ్గా అక్కడే. అద్దంలో చూసుకుని మార్పు కనబడలేదని దిగులు పడతారు. పక్కవాడు "ఈ డబ్బా కొను" అంటాడు, ఇంకొకడు "ఈ ఇంజెక్షన్ వేసుకో" అంటాడు. ఆగిపోవడం జబ్బు కాదు తమ్ముడూ. నిద్ర సరిపోతోందా, తిండి సరిపోతోందా, ఎత్తే పద్ధతి సరిగ్గా ఉందా చూసుకోమని ఒళ్లు చెప్తున్న మాట అది.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, ఎత్తిన బరువు, ఎన్నిసార్లు ఎత్తారు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, అంతే రాయండి. పురుషుల పోటీ బార్ ఒక్కటే 20 కిలోలు, మహిళలది 15 కిలోలు. మొదట ప్లేట్లు లేకుండా ఉత్త బార్‌తో పద్ధతి నేర్చుకోండి. బార్ కూడా లేకపోతే దండీలు, బస్కీలు, తాడు, చెట్టు కొమ్మకు వేలాడి పైకి లేవడం, ఇవి చాలు. వారానికి మూడు రోజులు బరువులు, మధ్యలో విశ్రాంతి.

పెద్దలు అడుగుతారు: "పొలంలో బస్తాలు మోస్తున్నాడు కదా, మళ్లీ జిమ్ ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. కూలి పనిలో బరువు మన లెక్క ప్రకారం పెరగదు, పని ఉన్న రోజు విశ్రాంతీ ఉండదు. నడుము నొప్పి పుట్టినా మోయాల్సిందే. శిక్షణలో బరువు మన చేతిలో ఉంటుంది, ఆపడమూ మన చేతిలోనే ఉంటుంది. పని మనకు ఓర్పునిచ్చింది. దాని మీద పద్ధతి చేర్చాలి. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో పొద్దంతా పని చేసి సాయంత్రం మళ్లీ బరువులు ఎత్తకండి. ఆ వారం పనినే వ్యాయామంగా లెక్కేసుకోండి.

పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లు ఇంకో సంగతి గుర్తు పెట్టుకోవాలి. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని పెట్టారు. లాంగ్‌జంప్, షాట్‌పుట్ అదనం. మగవాళ్ల గుండు బరువు 7.26 కిలోలు. పరుగు ఒక్కటే చేసి, బరువుల జోలికి పోనివాళ్లు గుండు దగ్గర తప్పుతున్నారు. రెండూ కావాలి.

ఇక తిండి సంగతి. మొదటి వాదన మాంసమా, శాకాహారమా అని. మన తండాలోనే రెండూ ఉన్నాయి. సేవాలాల్ మహారాజ్‌కు తీపి భోగ్ పెడతాం, మేరమ్మకు మేకను ఇస్తాం. రెండు ప్రసాదాలూ ఒకే ఇంట్లో తింటాం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఛాతీకి గొలుసులు చుట్టుకుని తెంపిన కోడి రామమూర్తి నాయుడు శాకాహారి అని చెప్తారు. మాంసం తిని పతకాలు తెచ్చినవాళ్లు లోకమంతా ఉన్నారు. కండకు కావలసింది ప్రోటీన్. అది మేక నుంచి వచ్చిందా, కంది నుంచి వచ్చిందా అని కండ అడగదు. శాకాహారులు పప్పును జొన్నతోనో అన్నంతోనో కలిపి తినాలి, పాలు, పెరుగు చేర్చుకోవాలి, మొత్తం మీద కొంచెం ఎక్కువ తినాలి. అంతే తేడా.

రెండో వాదన పౌడర్ గురించి. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పౌడర్లు వాడొద్దని అందులో చెప్పింది. క్రీడా శిక్షకుల్లో కొందరు దీన్ని ఒప్పుకోలేదు. రోజుకు రెండు పూటలా కఠిన శిక్షణ చేసే ఆటగాడికి తిండితోనే అంతా అందదని వాళ్ల మాట. రెండు వైపులా కొంత నిజం ఉంది. కానీ ఇద్దరూ దాదాపు ఒప్పుకునే అంకె ఒకటుంది. మామూలు మనిషికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. బరువులెత్తేవాళ్లకు ఎక్కువ కావాలి, కానీ 1.6 గ్రాములు దాటితే పెద్దగా లాభం లేదు.

ఈ అంకెను మన కంచంలో పెట్టి చూద్దాం. 60 కిలోల తమ్ముడికి 1.6 చొప్పున 96 గ్రాములు కావాలి. రోజు మొత్తంలో 300 గ్రాముల జొన్నపిండితో చేసిన బాటీలు తింటే సుమారు 30 గ్రాములు. 75 గ్రాముల కందిపప్పులో 16. మూడు గుడ్లలో 18. గుప్పెడు పల్లీలు, అంటే 50 గ్రాములు, 12. పాలు, పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లు, 13. నానబెట్టిన శనగలు 50 గ్రాములు, ఇంకో 10. మొత్తం 99. ఇందులో ఒక్కటీ డబ్బాలో వచ్చింది కాదు, అన్నీ సిద్దిపేట అంగడిలో దొరికేవే. చెంచాడు పౌడర్‌లో ఉండే ప్రోటీన్ నాలుగు గుడ్లలో ఉంటుంది. ఆదివారం కోడికూరో, చెరువు చేపో ఉంటే ఇంకా మంచిది. గుడ్డు తిననివాళ్లకు మీల్ మేకర్ ఉంది, ఎండు మీల్ మేకర్ వంద గ్రాముల్లో సగం ప్రోటీనే.

పౌడర్‌లో ఇంకో ప్రమాదం ఉంది. కల్తీ డబ్బాలో రాయని మందు కలిసి ఉండొచ్చు. డోపింగ్ పరీక్షలో దొరికితే "నాకు తెలియదు" అంటే చెల్లదు. ఒంట్లో ఏది దొరికినా బాధ్యత ఆటగాడిదే. ఏళ్ల కష్టం ఒక్క డబ్బాతో పోతుంది. ఇక స్టెరాయిడ్ ఇంజెక్షన్ల దగ్గరికి అసలు పోవద్దు. గుండె, కాలేయం, సంతానం, మూడింటి మీదా దెబ్బ పడుతుంది. సారా, గుట్కా సంగతి ఒక్క ముక్క: రాత్రి తాగినవాడికి నిద్ర చెడుతుంది, కండ పెరిగేది ఆ నిద్రలోనే.

మూడో వాదన, "అన్నం మానేయాలి" అని. బరువులెత్తేవాడికి, పరుగెత్తేవాడికి అన్నం, జొన్న, మక్క గటక ఇంధనం. బండిలో డీజిల్ లేకుండా ఇంజను బాగుచేస్తే ఏం లాభం? కంచంలో అన్నం కొండలా ఉండి పప్పు చుక్కలా ఉండటం అసలు తప్పు. అన్నం కొంత తగ్గించి పప్పు, కూర పెంచండి. హాస్టల్లో ఉన్న తమ్ముళ్లు గుడ్డు పెట్టిన రోజు వదిలేయొద్దు, పప్పు నీళ్లగా ఉంటే కలిసి అడగండి. అది మీ హక్కు.

ఇప్పుడు చెల్లెళ్లకు. ఆడపిల్ల బరువులెత్తితే ఒళ్లు మొద్దుబారుతుందని, ఎత్తు ఆగిపోతుందని భయపెడతారు. పద్ధతిగా, చూసుకునేవాళ్ల ముందు చేసే వ్యాయామంతో ఎత్తు ఆగదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. నిజామాబాద్ జిల్లా పాకాల తండా బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు కూడా నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె మన గురుకులంలో చదివిన పిల్లే.

అయితే మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. రక్తం లేకుండా ఏ శిక్షణా ఎక్కదు. నాలుగడుగులకే ఆయాసం వస్తే బద్ధకం అనుకోకండి, పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేయించుకోండి. తోటకూర, మునగాకు, పప్పు తినండి, పైన నిమ్మకాయ పిండుకోండి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగకండి, తిండిలో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తుంది. మన సళోయి గురించి హాస్టల్లో ఎవరైనా ఎగతాళి చేస్తే తలదించుకోకండి. శుభ్రంగా, బాగా ఉడికించిన సళోయిలో ఇనుము పుష్కలంగా ఉంటుంది. ఏ ముక్కనూ పారేయకుండా వండిన మన యాడీలకు పోషకాహారం ఎవరూ పాఠం చెప్పలేదు, అయినా తెలుసు. తల్లులారా, ఒక్క మాట. ఇంట్లో గుడ్డు కొడుకుకు, చారు కూతురికి పెట్టే అలవాటు ఉంటే ఈ రోజుతో వదిలేయండి.

సంఘం పెద్దలకు నా మనవి మూడు. ప్రతి తండాలో ఒక బార్, కొన్ని ప్లేట్లు, పద్ధతి తెలిసిన ఒక మనిషి ఉండేట్టు చూడండి. నాలుగో తరగతిలో క్రీడా పాఠశాలల ఎంపికలు జరుగుతాయి, ఆ కబురు తండాకు ముందే చేరేట్టు చూడండి. జయంతికి, తీజ్‌కు మనం పెట్టే ఆటల పోటీల్లో ఆడపిల్లలకూ బరువుల పోటీ పెట్టండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే జయంతికి మీ నోటుబుక్కులు తీసుకురండి. ఎవరు ఎంత ఎత్తారని నేను అడగను. ఎన్ని వారాలు మానకుండా రాశారో చూస్తాను.

జై సేవాలాల్. రామ్ రామ్.